సంచి మీద మగ్గం.. సంచిల మిల్లు ప్రింటు

పోయిన మాఘంల మా మేనమామ బిడ్డ పెండ్లి అయింది. పెట్టుపోతల కాడ ఒక సంచి మా నాయిన చేతికొచ్చింది. గోధుమరంగు కాగితం సంచి. దాని మీద గుంట మగ్గం కాడ కూసొని నాడె ఆడిస్తున్న నేతన్న బొమ్మ. కింద ‘తరతరాల చేనేత’ అని అక్షరాలు. ఆ సంచి డిజైన్ చేసింది నేనే. సిటీల ఒక పాత బట్టల దుకాణానికి చేసిన పని అది. నాయిన చూసి మెచ్చుకుంటడని పక్కనే నిలబడ్డ. ఆయన సంచి దిక్కు చూడనే లేదు. అందులకెల్లి చీర తీసిండు, కొంగు మడత ఇప్పిండు, తిరగేసిండు. పైన చూస్తే అచ్చం పోచంపల్లి చిటికి లెక్కనే ఉన్నది. వెనుక మాత్రం రంగు దిగక తెల్లతెల్లగ ఉన్నది.

“ఇది నేసింది కాదు, అద్దిన బట్ట. మరి సంచి మీద మగ్గం బొమ్మ ఎవలు ఏసిన్రురా?” అని అడిగిండు.

నలభై ఏండ్లు మగ్గం గుంటల కాళ్ళు పెట్టి బతికిన మనిషికి ఏం జవాబు చెప్పాలె? ఇంకో సంగతి ఏందంటే, ఆ బొమ్మ ఆయనదే. ఆయన ఫొటో ముందర పెట్టుకొనే గీసిన. ఆయన గుర్తువట్టిండో లేదో నేను అడగలేదు.

ఆ రోజు నుంచి నేను చేసే పని గురించి మల్ల మొదటి నుంచి ఆలోచిస్తున్న. బ్రాండింగ్ అంటే ఏంది, పాత దుకాణాలకు అది ఎట్ల చేస్తరు, అందులో అబద్ధం యాడ జొరవడ్తది అన్నది ఈ పని బయటోళ్ళకు పెద్దగ తెల్వదు. కొనేటోళ్ళకు తెలిస్తే మంచిదని రాస్తున్న.

లోగో ఒక్కటే బ్రాండ్ కాదు

బ్రాండింగ్ అంటే చానామంది లోగో గీసుడు అనుకుంటరు. లోగో అందుల పదో వంతు. దుకాణం బోర్డు, బిల్లు, సంచి, చీరకు కట్టే ట్యాగు, పెట్టె, కౌంటర్ల పనిచేసేటోళ్ళు చెప్పే మాట, ఫోన్‌ల కనవడే ఫొటో.. ఇవన్ని కలిసి కొనేటోనికి ఒక నమ్మకం ఇస్తయి. ‘ఈ గుర్తు ఉన్న కాడ గిసొంటి సరుకు దొరుకుతది’ అన్న మాటే బ్రాండ్. అంటే అది ఒక హామీ. బొమ్మ ఆ హామీకి ఏసిన ముద్ర.

కొత్త కంపెనీ అయితే ఏ బొమ్మ అయినా కనిపెట్టొచ్చు. పాత దుకాణానికి అట్ల కుదరదు. అక్కడ గీసుడు కన్న ముందు వెతుకుడు ఎక్కువ. ఈ దుకాణంల నేను మొదటి పదిహేను రోజులు కంప్యూటర్ ముట్టలేదు. అటక మీది పాత బిల్లు పుస్తకాలు దించిన, రబ్బరు ముద్రలు కడిగిన, గోడ మీది ఫొటోల ధూళి దులిపిన. గల్లా పెట్టె పక్కన ఒక గజం కట్టె దొరికింది. మీటర్లు రాకముందు బట్ట కొలిచిన కట్టె. రెండు కొసలకు ఇత్తడి తొడుగు, నడుమ చేతులు రాసి రాసి నున్నగ అరిగిపోయిన చెక్క. లోగో అందులకెల్లే వచ్చింది. ఒక అడ్డగీత, రెండు కొసలకు రెండు చుక్కలు. అంతే.

సేటు మొదలు అడిగింది చార్మినార్ బొమ్మ. హైదరాబాద్‌ల బిస్కెట్ల నుంచి బిర్యానీ దాకా అందరిదీ చార్మినారే. 1591ల కట్టిన కట్టడం అందరికి ఆస్తి, ఏ ఒక్క దుకాణానికీ గుర్తు కాదు. పక్క దుకాణంతోని కలిసిపోయే గుర్తు గుర్తే కాదని చెప్పిన. ఆ గజం కట్టె వాళ్ళ తాత చేతులు అరగదీసిన కట్టె. అది ఇంకొకనికి ఉండదు. ఆయనకు నచ్చింది.

అక్షరాల కాడ ఇంకో లొల్లి ఉంటది. ఇంగ్లీషు అక్షరాలు ఒక గీత మీద నిలబడ్తయి. తెలుగుకు పైన తలకట్టు, గుడి, కింద వత్తులు. దుకాణం పేరుల రెండు వత్తులు ఉన్నయి. సంచి మీద పెద్దగ అచ్చేస్తే మంచిగనే ఉంటది, చిన్న ట్యాగు మీదికి వచ్చేసరికి వత్తు నల్లగ ముద్దయితది. గూగుల్‌ల పెద్దన, ధూర్జటి, సూరన్న అసొంటి పేర్లతోని ఉచితంగ దొరికే తెలుగు ఫాంట్లు ఉన్నయి, మంచి పని అది. కానీ ఈ దుకాణం మీద ఎన్నడో ఒక పెయింటర్ కుంచెతోని రాసిన బోర్డు ఉన్నది. ఆ అక్షరాలనే ట్రేసింగ్ కాగితం మీద దించుకొని, వత్తులు జర విడదీసి కొత్తగ గీసిన. పాత గిరాకీలు చూసి “మన బోర్డే” అన్నరు. హెరిటేజ్ డిజైన్‌ల ఇంతకు మించిన సర్టిఫికెట్ లేదు.

ఏడాది కాడ మొదటి అబద్ధం

ఇగ పేరు కింద ‘స్థాపితం’ అని ఏడాది ఏయాలె. సేటు 1908 అన్నడు. నాకు దొరికిన పాత బిల్లు 1958ది. యాభై ఏండ్ల తేడా. “మా తాత అంతకు ముందు నుంచే బట్టల యాపారం చేసిండు తమ్మీ, మూట నెత్తిన వెట్టుకొని ఊర్లు తిరిగిండు” అన్నడు. నిజమే కావొచ్చు. కానీ మూటకు దుకాణం తేదీ ఎయ్యలేం.

“సేటూ, 1908 అని మీరు ఏస్తే ఎవలూ నమ్మరు, ఎవలూ అడగరు. ‘మూటతోని మొదలైన దుకాణం’ అని రాస్తే అందరూ చదువుతరు, కథ చెప్పుమంటరు” అన్న. ఒక రాత్రి ఆలోచించుకొని ఒప్పుకున్నడు. ఏడాది 1958 అనే ఏసినం. ఈ పనిల నేను నేర్చుకున్నది ఒక్కటి, పాత దుకాణానికి నిజమే మంచి డిజైన్. అబద్ధం చెప్పి ఏండ్లు పెంచుకోవాల్సినంత అవసరం చానా దుకాణాలకు ఉండదు.

ఏడాది కాడ ఇంత పట్టువట్టిన నేను, సంచి కాడ మాత్రం కండ్లు మూసుకున్న. ‘తరతరాల చేనేత’ అన్న మాట ఏసేటప్పుడు, ఆ సంచిల ఏమేం పోతయి అని ఒక్కసారి కూడా అడగలేదు. దుకాణంల మగ్గం చీరలు ఉన్నయి, మరమగ్గం చీరలు ఉన్నయి, మిల్లు ప్రింట్లు ఉన్నయి. అన్నిటికీ ఒక్కటే సంచి.

బొమ్మతోని బట్ట అమ్ముడు కొత్తది కాదు

ఇది ఇయ్యాల్టి మాయ కాదు. ఇంగ్లీషోళ్ళ కాలంల మాంచెస్టర్ మిల్లుల బట్ట ఓడలల్ల మనకొచ్చేది. తాను మీద రంగురంగుల కాగితం బిళ్ళ అతికిచ్చి పంపేటోళ్ళు. టికెట్ అని, టికా అని పిలిచేటోళ్ళు. దాని మీద లక్ష్మీదేవి, కృష్ణుడు, రాజులు, ఏనుగులు. చదువు రానోళ్ళు కూడా బొమ్మను చూసి ‘అదే బట్ట ఇయ్యి’ అని అడిగేటోళ్ళు. ఆ బిళ్ళలు ఇయ్యాల మ్యూజియంలల్ల ఉన్నయి. మాలాంటి డిజైనర్లు వాటిని చూసి రంగులు, అంచులు నేర్చుకుంటరు. నేను కూడా నేర్చుకున్న.

కానీ దేవుడు మనోడే, బట్ట మాత్రం మన మగ్గాన్ని బందు పెట్టిన మిల్లుది. కొనేటోనికి బొమ్మ దగ్గరయింది, నేసేటోడు దూరమయిండు. 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాల్‌ల స్వదేశీ పిలుపు ఇచ్చింది ఆ మిల్లు బట్ట మీదనే. ఆ తారీకునే 2015 నుంచి జాతీయ చేనేత దినంగ చేసుకుంటున్నం. నేను గీసిన సంచి కూడా ఆ టికెట్టు చేసిన పనే చేసింది. దేవుని బొమ్మకు బదులు నేతన్న బొమ్మ, అంతే తేడా.

చిటికి అంటే ఏంది?

పోచంపల్లి చీరల బొమ్మ బట్ట మీద ఏసేది కాదు. నేయకముందే దారంల ఉంటది. ముందు దారాన్ని ఆసు పోస్తరు. ఒక చీరకు ఆసు పోయాలంటే చెయ్యి వేల సార్లు అటు ఇటు ఆడాలె. అమ్మలక్కల భుజాలు ఇరిగిపోయేటియి. ఆ నొప్పి తల్లి పడుతుంటే చూసే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేసిండు. తల్లి పేరే దానికి పెట్టిండు, 2017ల పద్మశ్రీ అందుకున్నడు. ఆసు అయినంక సైకిల్ ట్యూబు ముక్కలతోని దారాన్ని లెక్క ప్రకారం కడ్తరు. కట్టిన కాడ రంగు పట్టదు. ఇప్పి, మల్ల కట్టి, ఇంకో రంగుల ముంచుతరు. అప్పుడు మగ్గం మీద పడుగుకు పేక కలిస్తే పువ్వు తేలుతది. దారం ఎంట్రుకవాసి జరిగినా పువ్వు అంచు మసక అయితది. ఆ మసకనే దాని అందం.

దారంలనే రంగు ఉంటది కాబట్టి చిటికి బట్ట రెండు దిక్కుల ఒక్క తీర్గ ఉంటది. నాయిన చీర తిరగేసింది అందుకే. అయితే ఈ ఒక్క పరీక్షతోని అంతా తేలదు. కట్టి అద్దిన దారం మరమగ్గం మీద నేసినా రెండు దిక్కుల రంగు ఉంటది. గద్వాల, నారాయణపేట చీరల నేత వేరే, వాటికి ఈ పరీక్షే పనిచెయ్యదు. నాయినకు చెయ్యి పెడ్తే తెలుస్తది. మామూలు మనిషి నమ్మాల్సింది ట్యాగునే. అందుకే ట్యాగు మీద అబద్ధం పెద్ద తప్పు.

చట్టం ఏమంటది?

పోచంపల్లి ఇక్కత్‌కు 2005ల జీఐ గుర్తింపు వచ్చింది. గద్వాల, నారాయణపేట, సిద్దిపేట గొల్లభామ చీరలకూ వచ్చింది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020ల వచ్చింది. జీఐ అంటే ఆ పేరు ఏ ఒక్క సేటుదో, కంపెనీదో కాదు, ఆ ప్రాంతంల ఆ పద్ధతిల నేసేటోళ్ళ అందరిది అని చట్టం ఒప్పుకున్నట్టు. అబద్ధంగ ఆ పేరు పెట్టి అమ్మితే ఆరు నెలల నుంచి మూడేండ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జుర్మానా అని చట్టంల రాసి ఉన్నది. ఇది గాక 2006 నుంచి హ్యాండ్లూమ్ మార్క్ ఉన్నది, మగ్గం మీద నేసిన బట్టకే అది కట్టాలె.

కానీ చట్టంల ఒక సందు ఉన్నది. నా సంచి మీద ‘పోచంపల్లి’ అని లేదు. మగ్గం బొమ్మ ఉన్నది, ‘తరతరాల చేనేత’ అని ఉన్నది. బొమ్మ మీద కేసు ఎవలు పెడ్తరు? మాట అనకుండ మాట అన్నట్టు చెయ్యొచ్చు. ఆ ఉపాయం తెలిసినోళ్ళు మేమే, డిజైనర్లం.

పేరు కాడ ఆగింది

పెండ్లి అయిన వారానికి సేటు దగ్గరికి పోయిన. జరిగింది చెప్పిన. పైసలు అద్దు, సంచి మారుద్దాం అన్న. మగ్గం బొమ్మ మగ్గం చీరల సంచికే ఉండాలె, మిగిలిన సరుకుకు గజం కట్టె గుర్తు ఒక్కటే చాలు. ట్యాగులు మూడు తీర్లు.. మగ్గం, మరమగ్గం, ప్రింటు. మగ్గం ట్యాగు మీద ఊరు పేరు, నేసినోళ్ళ పేరు, నేసుడుకు ఎన్ని రోజులు పట్టిందో.

సేటు చెడ్డోడు కాదు. జర సేపు లెక్కలు ఏసి సంచులు రెండు తీర్లు చేద్దామన్నడు. ట్యాగులు మూడూ ఒప్పుకున్నడు. ఊరు పేరు కూడా సరే అన్నడు. నేసినోళ్ళ పేరు కాడ మాత్రం ఆగిండు. “తమ్మీ, పేరు ఏస్తే గిరాకీ ఫోన్ నంబర్ దొరకవట్టి సక్కగ వాళ్ళింటికే పోతది. నా దుకాణం ఏం గావాలె? కిరాయి ఎవలు కడ్తరు?” అన్నడు.

ఆయన భయం నాకు అర్థమయింది, అబద్ధం కాదది. కానీ ఆ భయం మీదనే ఈ యాపారం మొత్తం నిలబడ్డది. నేతన్న బొమ్మ కావాలె, పేరు అద్దు. చెయ్యి కనవడాలె, మొకం కనవడొద్దు. 2019-20 చేనేత లెక్కల ప్రకారం దేశంల 35 లక్షల మందికి పైగా ఈ పనిల ఉన్నరు, ఎక్కువ ఆడోళ్ళే. అందుల ఎంతమంది పేర్లు ఏ చీర మీదనన్న చూసినం? పుస్తకం మీద రాసినోని పేరు ఉంటది, సినిమాకు లైట్లు పట్టుకున్నోని పేరు కూడా పడ్తది. చీరకు దుకాణం పేరే ఉంటది.

ఇప్పుడు ఆ దుకాణంల ట్యాగు మీద ఊరు ఉన్నది, పేరు లేదు. సగం గెలిచినట్టు. నేను సంచి మీది బొమ్మను కూడా మార్చిన. నాయిన మొకం తీసేసి మగ్గం ఒక్కటే పెట్టిన. పేరు రాయని కాడ మొకం వాడుకునే హక్కు నాకు లేదనిపించింది.

తోటి డిజైనర్లకు ఒక్క మాట. పని ఒప్పుకునేటప్పుడు రంగులు, సైజులు అడిగినట్టే, ఈ సంచిల ఏం పోతది అని కూడా అడగండి. దుకాణాలోళ్ళకు ఒక మాట. ప్రింటు అమ్ముడు తప్పు కాదు, ఆరు వందలకు చీర కావాల్సినోళ్ళూ ఉన్నరు, ప్రింటును ప్రింటు అని చెప్పి అమ్మండి. కొనేటోళ్ళు కూడా సంచి చూసి మురవకుండ, ‘ఇది యాడ నేసిన్రు, ఎవలు నేసిన్రు?’ అని కౌంటర్ కాడ అడగండి. పదిమంది అడిగితే పదకొండో రోజు ట్యాగు మీద పేరు వస్తది. సేటుకు నా మాట కన్న గిరాకీ మాట ఎక్కువ.

కొత్త ట్యాగు నాయినకు చూపిచ్చిన. అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. “ఊరు రాసినవు, మంచిదే. ఇంక జర జాగ ఉన్నది గదరా కింద” అన్నడు. ఆ జాగ నేను కావాలెనే ఇడిచిపెట్టిన.