మశూచి అన్నీ ఒకటి కావు

గేదె చన్నుల మీద పొక్కులు లేచినా, ఆవు ఒంటి మీద గడ్డలు లేచినా, కోడి జుట్టు మీద కాయలు కాసినా మన పల్లెల్లో "అమ్మవారు పోసింది" అనడమే అలవాటు. ఇవి మశూచి కుటుంబపు వైరస్‌ల వల్ల వచ్చేవే. (పిల్లలకు వచ్చే ఆటలమ్మ మాత్రం ఈ కుటుంబానిది కాదు.) అయినా వీటి ప్రమాదం ఒక్క తీరుగా ఉండదు.

పాడి రైతుకు తెలియవలసిన రెంటిని చూద్దాం. ముద్ద చర్మ వ్యాధి 2019లో మన దేశంలో ప్రవేశించి, 2022లో లక్షకు పైగా పశువులను, ముఖ్యంగా ఆవులను, పొట్టన పెట్టుకున్నది. దోమలు, ఈగలు దీనిని మోసుకుపోతాయి. వైరస్ రక్తంలో చేరి ఒళ్లంతా పాకుతుంది. ఇంత చేసినా మనిషిని మాత్రం అంటదు. గేదెల మశూచి ఇందుకు తలక్రిందులు. చన్నుల మీద పుండ్లు పడి రెండు మూడు వారాలలో మానిపోతాయి. గేదె చావదు. కాని పాలు పితికే మనిషి వేళ్లకు అదే పుండు వస్తుంది! పశువును చంపేది మనల్ని వదలిపెడుతున్నది, చంపనిది మన చేతికి ఎక్కుతున్నది.

ఒక కారణం ఇది కావచ్చు. శరీరంలోకి వచ్చిన వైరస్‌ను ఎదుర్కొనడానికి రక్తంలో కాపలా ఉంటుంది. ఆ కాపలాను ఏమార్చే ప్రోటీన్లను వైరస్ తయారుచేసుకుంటుంది. మనుషుల పెద్ద మశూచి వైరస్‌లోని అటువంటి ప్రోటీను ఒకటి మన రక్తానికి తాళానికి తాళంచెవిలా సరిపోయేది. ఆ జబ్బు సోకిన పదిమందిలో సుమారు ముగ్గురు చనిపోయేవారు. టీకాకు వాడిన వాక్సీనియా వైరస్‌లో ఆ ప్రోటీను చాలా బలహీనం. టీకా పుండు సాధారణంగా జబ్బ మీదే ఆగిపోవడానికి అదొక కారణం కావచ్చు. ఆఫ్రికా మంకీపాక్స్‌లోనూ రెండు రకాలున్నాయి. తీవ్రమైన రకానికి ఆ ప్రోటీను ఉన్నది, తేలికరకానికి లేదు. అదొక్కటే కారణమని మాత్రం అనలేము.

గేదెల మశూచి వైరస్ ఈ వాక్సీనియాకు అతి దగ్గర చుట్టం. కనుక ఆరోగ్యవంతుని చేతిమీద అది చిన్న పుండు, కొద్దిపాటి జ్వరంతో సరిపెడుతుంది. చర్మం చెడిన వారి సంగతి వేరు. 2004-05లో కరాచీ ఆసుపత్రులలో కాలిన గాయాల రోగులకు ఇది సోకింది.

ఇంకొక మాట. పెద్ద మశూచి మన దేశంలో 1975లో ఆగింది, 1980లో ప్రపంచమంతటా పోయినట్లు ప్రకటించారు. మశూచి పోయాక టీకాలు మానేశారు. ఆ టీకా ఈ మశూచి నుంచి కూడా కొంత కాపాడేది. జబ్బ మీద టీకా మచ్చ ఉన్న పెద్దలకున్న ఆ కాస్త రక్షణ, ఇప్పుడు చావిట్లో పాలు పితికే కుర్రకారుకు లేదు.

పుండ్లున్న గేదెను విడిగా కట్టి, చివర పితకండి. చేతికి గాటు ఉన్నవారు, కాలిన గాయాలున్నవారు, గజ్జి తామరలున్నవారు ఆ గేదె జోలికి పోవద్దు. పితికిన వెంటనే సబ్బుతో చేతులు కడగాలి. చన్నులను పొటాషియం పర్మాంగనేటు పలుచని నీళ్లతో కడిగి, డాక్టరు చెప్పిన పూత పూయండి. దూడ మూతిని కూడా చూడండి, చీకిన దూడకు పెదవుల మీద పుండ్లు వస్తాయి. నొప్పికి గేదె చేపక, పాలు నిలిచి పొదుగువాపు రావచ్చు. మన రైతుకు అసలు నష్టం అక్కడే. పొదుగువాపుకు మందు వేసిన గేదె పాలు, డాక్టరు చెప్పిన గడువు తీరేదాకా కేంద్రానికి పోయవద్దు. రాలిన చెక్కులలో వైరస్ చాలాకాలం బతికి ఉంటుంది. వాటిని గడ్డిలోకి ఊడ్చకుండా ఏరి కాల్చివేయండి.