ఒకరి పార్శిల్ ఇంకొకరి చేతికి!

2023 మార్చి 20, సోమవారం. చాట్ జీపీటీ తెరిచిన కొందరికి పక్కనున్న జాబితాలో తామెప్పుడూ అడగని ప్రశ్నల పేర్లు కనిపించాయి. అవి వేరెవరివో! ఓపెన్ ఏఐ సంస్థ వెంటనే సైట్ ఆపేసింది. నాలుగు రోజుల తర్వాత అసలు సంగతి బయటపెట్టింది. హ్యాకరూ లేడు, వైరసూ లేదు. సర్వర్లు పంచుకుని వాడుకునే కనెక్షన్ల దగ్గర వచ్చిన తేడా అంతే.

ఇంత పెద్ద సైట్ ఒక్క కంప్యూటర్ మీద నడవదు కదా. పనిని బోలెడు సర్వర్లకి పంచుతారు. ఆ గుంపే క్లస్టర్. మీ పేరు, ఈమెయిల్ లాంటి వివరాల కోసం ప్రతిసారీ అసలు డేటాబేస్ దాకా వెళితే ఆలస్యమని, వాటిని రెడిస్ అనే చోట చేతికందేలా పెట్టుకుంటారు. అక్కడికి వెళ్లాలన్నా కనెక్షన్ కావాలి. కొత్తది తెరవాలంటే ముందు రెండువైపులా 'ఉన్నావా?', 'ఉన్నా, నువ్వున్నావా?', 'ఆ, ఉన్నా' అని పలకరింపులు జరగాలి. లక్షల మందికి ప్రతిసారీ ఇదే తంతంటే అయ్యే పనేనా? అందుకే కొన్ని కనెక్షన్లు తెరిచే ఉంచి, ఒకరి పని అవగానే ఇంకొకరికి ఇస్తారు. దీన్ని పూల్ అంటారు. మంచి పద్ధతే. దాదాపు అన్ని పెద్ద సైట్లూ చేసేదే.

మరి తేడా ఎక్కడొచ్చింది? టిఫిన్ సెంటర్ కౌంటర్ ఊహించుకోండి. ముందున్నాయన ఇడ్లీ చెప్పాడు. ఇంతలో ఫోనొచ్చి, చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాడు. లోపల వంటాయనకి ఆ సంగతి తెలీదు. వెనకున్న మీరు దోసె చెప్పారు. కౌంటర్ మీదికి ముందు వచ్చేది ఆయన ఇడ్లీయే! దోసె అడిగితే ఇడ్లీ వచ్చిందని మీరు గొడవ చేస్తారు. సర్వర్ కూడా అంతే, చాలాసార్లు ఎర్రర్ చూపించి ఆగిపోయింది. కానీ ఆయన చెప్పిందీ దోసే అయితే? ఎవరిదో తెలీకుండా తినేస్తారు. అసలు ప్రమాదం ఇదన్నమాట. వచ్చిన సమాచారం అడిగిన రకానిదే అయితే, మనిషి వేరైనా సర్వర్ నమ్మేసింది.

రెడిస్‌తో మాట్లాడే ఓ ఉచిత లైబ్రరీలో ఈ లోపం ముందునుంచే ఉంది. ఆ రోజు అమెరికా పసిఫిక్ టైమ్ ప్రకారం రాత్రి ఒంటిగంటకి సర్వర్‌లో చేసిన ఓ మార్పుతో, అడిగి మధ్యలో రద్దయ్యే పనులు ఒక్కసారిగా పెరిగాయి. దాంతో లోపం బయటపడింది.

చాట్ల పేర్లతో పోయుంటే నవ్వుకుని వదిలేసేవాళ్లమేమో. ఓ తొమ్మిది గంటల వ్యవధిలో సైట్ వాడిన ప్లస్ చందాదారుల్లో 1.2 శాతం మంది పేరు, ఈమెయిల్, చిరునామా, కార్డు చివరి నాలుగంకెలు, గడువు తేదీ ఇతరులకు కనిపించి ఉండొచ్చని సంస్థే ఒప్పుకుంది. పూర్తి కార్డు నంబర్లు మాత్రం బయటపడలేదంది. ఇటలీ అధికారులు ఊరుకోలేదు. ఈ ఘటననీ ప్రస్తావిస్తూ మార్చి 31న చాట్ జీపీటీకి అడ్డుకట్ట వేశారు. అక్కడ మళ్లీ మొదలయ్యేసరికి ఏప్రిల్ 28 అయింది.

ఇలాంటప్పుడు మధ్యలో తెగిన కనెక్షన్‌ని తిరిగి పూల్‌లో పెట్టకుండా మూసేయాలి. కౌంటర్ మీది పార్శిల్ పారేసి కొత్తగా చెప్పినట్టు. లైబ్రరీలోని తప్పు దిద్దడంతో పాటు, ఓపెన్ ఏఐ ఇంకో తనిఖీ కూడా పెట్టింది. వచ్చిన సమాచారం అడిగిన మనిషిదేనా అని చూశాకే చేతికివ్వడం. పార్శిల్ ఇచ్చేముందు 'ఎవరి పేరు మీద?' అని మన కౌంటర్ కుర్రాడు రోజూ అడిగేది అదే.