ఈస్టర్ అయిపోయింది... మరి సోమవారం నుంచి?

మార్కాపురం, గిద్దలూరు, కంభం... పశ్చిమ ప్రకాశంలో ఏ ఊరి చర్చికెళ్లినా ఈస్టర్ సందడి దాదాపు ఒకేలా ఉంటుంది. చీకటితోనే సమాధుల దగ్గర కొవ్వొత్తులు, తెల్లారగానే ఆరాధన, మధ్యాహ్నం బిర్యానీ. సాయంత్రానికి అందరి వాట్సాప్ స్టేటస్‌లోనూ యేసు లేచాడన్న మాటే. స్టేటస్ ఆయుష్షు 24 గంటలు. సోమవారానికల్లా బెంగళూరు, హైదరాబాద్ బస్సులు మళ్లీ నిండిపోతాయి.

మరి ఆ తర్వాత? యోహాను సువార్త చివర్లో చూడండి. పునరుత్థానం తర్వాత పేతురు మళ్లీ వల పట్టుకుని చేపలవేటకే వెళ్లాడు. యేసు అక్కడికే వచ్చి, ఒడ్డున నిప్పులు రాజేసి, ముందు టిఫిన్ పెట్టాడు. గొర్రెల్ని మేపమనే బాధ్యత అప్పగించింది ఆ తర్వాతే. అంటే మిషన్ రోజూ పనిచేసుకునే చోటే మొదలైంది. మన ప్రాంతంలో కూడా అంతే.

తోళ్ల వ్యాపారి మోసుకొచ్చిన మాట

జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం మొదలైతే సభ్యులు 8 మందే. ఆ సంఘాన్ని పల్లెల్లోకి తీసుకెళ్లింది మాత్రం యర్రగుంట్ల పేరయ్య. ఒంగోలుకు 40 మైళ్ల దూరంలో ఉన్న తాళ్లకొండపాడు ఆయనది. మాదిగ కులస్థుడు, తోళ్ల వ్యాపారి. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు క్రీస్తు గురించి విన్నాడు. తిరిగొచ్చి బంధువులకి, తోటి పనివాళ్లకి చెప్పాడు. భార్య నాగమ్మ ఆడవాళ్లకి చెప్పింది. క్లౌ ఆ ఊరెళ్లేసరికి చింతతోపులో జనం ఎదురుచూస్తున్నారు. ఆ ఒక్క ప్రయాణంలోనే 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

చెప్పులు కుట్టుకుంటూ చెప్పుకున్న కబుర్లే అక్కడ ప్రసంగాలు. చుట్టరికాలే నెట్‌వర్క్. ఆ దారే తర్వాత పడమటికి సాగింది. 1880లలో కంభంలో, 1890లలో మార్కాపురంలో బాప్టిస్టు మిషన్ కేంద్రాలు వచ్చాయి. గిద్దలూరు, నంద్యాల వైపు ఆంగ్లికన్ మిషన్ పనిచేసింది.

‘కూటి కోసం మారారు’ అంటే?

ఇక్కడి క్రైస్తవ కుటుంబాల పిల్లలు కాలేజీలోనో ఆఫీసులోనో ఏదో ఒకరోజు వినే మాట ఇది: ‘మీ తాతలు కూటి కోసం మతం మారారు’. దీనికి కోపంతో కాదు, చరిత్రతో జవాబు చెప్పొచ్చు.

1876-78 కరువు ఈ ప్రాంతాన్ని పీల్చిపిప్పి చేసింది. క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయర్. ఆ అనుభవంతో ప్రభుత్వం తవ్విస్తున్న బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా కాంట్రాక్టు తీసుకున్నాడు. వచ్చినవాళ్లకి పని, చేసినవాళ్లకి కూలీ. మేస్త్రీలుగా తెలుగు బోధకుల్నే పెట్టాడు. పని ఆగినప్పుడు వాళ్లు కూలీల మధ్య కూర్చుని మాట్లాడేవారు.

వేలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నం పెట్టే చెయ్యే బాప్తిస్మం ఇస్తే, వాళ్లు దేనికోసం వచ్చారో ఎవరు చెప్పగలరు? అందుకే 1877 మార్చి నుంచి 15 నెలలు బాప్తిస్మాలు పూర్తిగా ఆపేశాడు. నాలాంటి ఇంజినీర్ల భాషలో చెప్పాలంటే, ఫలితాన్ని తప్పుదోవ పట్టించే ఇన్‌పుట్‌ని తీసేసి, అప్పుడు టెస్ట్ చేశాడు.

కరువు సాయం ఆగిపోయాక, ఇక డబ్బు లేదు, వెళ్లండి అన్నా జనం కదల్లేదు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడ్డారు. మన నల్లమలలో పుట్టి, కంభం చెరువుని నింపి, మార్కాపురం మీదుగా పారే గుండ్లకమ్మే అది.

కరువులో దొరికిన ఆదరణ ఆ మనసుల్ని తాకలేదని కాదు. తాకే ఉంటుంది, అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? కానీ వాళ్లు కోల్పోయినవీ లెక్కలోకి తీసుకోవాలి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు అన్న మూడు నియమాలకి వాళ్లు ఒప్పుకున్నారు. వీటివల్ల ఊరి పెద్దలతో గొడవలొచ్చాయి. కొన్నిచోట్ల కొట్టారు, పని మాన్పించారు, బావుల దగ్గరికి రానివ్వలేదు. కూటి కోసమే అయితే ఇదంతా ఎందుకు భరిస్తారు?

ఇప్పుడు మన వంతు

ఈ కథ మనకి గర్వం ఇవ్వడంతోనే ఆగదు, ఓ రూల్ కూడా పెడుతుంది: సాయం వేరు, విశ్వాసం వేరు. ఒకదానికి ఇంకోటి రేటు కాకూడదు.

ఈస్టర్ వచ్చేసరికి పశ్చిమ ప్రకాశంలో బోర్లు ఎండిపోయే టైమ్. చర్చి తరఫున ట్యాంకర్ తెప్పిస్తే, ఏ వీధి బిందె, ఏ మతం బిందె అని చూడకుండా పోయండి. ఫీజు కట్టలేని జూనియర్‌కి సాయం చేస్తే ఫొటో తీయకండి, చర్చికి రమ్మని షరతు పెట్టకండి. ఎందుకు చేశావని అతనే అడిగితే, అప్పుడు మీ నమ్మకం గురించి దాచుకోకుండా చెప్పండి. వలస వెళ్లిన ఇళ్లల్లో ఒంటరిగా మిగిలిన పెద్దవాళ్లకి మందులు తెచ్చిపెట్టడానికి మైకు అక్కర్లేదు, బైకు చాలు.

మొదలుపెట్టినప్పుడు పేరయ్యకి పదవి లేదు, జీతం లేదు. ఉన్నది తోళ్ల మూట, నడిచే కాళ్లు, ఊళ్లో నమ్మే మనుషులు. నమ్మే మనుషులు ఎందుకున్నారంటే, రోజూ వాళ్లతో బేరం చేసేది ఆయనే కాబట్టి. మన పని ఎలా ఉంటుందో పక్క సీటువాళ్లకీ తెలుసు. వాళ్లు మొదట చదివే సువార్త మనమే.