వార్తల్లో పదం: జాబ్ కార్డ్

కారు సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు సర్వీస్ అడ్వైజర్ మన చేత సంతకం పెట్టించుకునే పత్రమే జాబ్ కార్డ్. కిలోమీటర్ల రీడింగ్, మన ఫిర్యాదులు, చేయాల్సిన పనులు, అంచనా ఖర్చు అందులో ఉంటాయి. చదవకుండా సంతకం చేయకూడని కాగితమిది.

‘ఫ్రీ సర్వీస్’ అంటే సాధారణంగా లేబర్ మాత్రమే ఉచితం. ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ల ధర, దానిపై జీఎస్టీ మనమే కట్టాలి. చాలా విడిభాగాలపై 28 శాతంగా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గింది. ఇవి తప్పని ఖర్చులు.

బిల్లును ఉబ్బించేవి వేరు: ఇంజిన్ డీకార్బనైజింగ్, ఏసీ డిసిన్ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్, ఇంటీరియర్ క్లీనింగ్. అన్నీ అనవసరమని కాదు. కానీ ఓనర్స్ మాన్యువల్‌లోని సర్వీస్ షెడ్యూల్‌లో లేనివాటిని నిస్సంకోచంగా కొట్టేయించవచ్చు. షెడ్యూల్‌లో ఉన్నవి మానేస్తే మాత్రం వారంటీకి చిక్కు రావచ్చు.

మధ్యాహ్నం ఫోన్ వస్తుంది: ‘బ్రేక్ ప్యాడ్లు అరిగాయి సార్, మార్చేయమంటారా?’ వెంటనే సరే అనకండి. ఫొటో, ధర వాట్సాప్‌లో పంపమనండి. తీసేసిన పాత ప్యాడ్లు చూపించమనండి. ఒప్పుకోని పనికి బిల్లు వేస్తే ముందు మేనేజర్‌ని అడగండి. తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి తెలుగులోనే ఫిర్యాదు చేయవచ్చు.