చూస్తే వినబడదు

పాత ఆదివారం అనుబంధం ఒకటి తీసుకోండి. అందులో సినిమా తారదో, నాయకుడిదో పెద్ద ఫొటో వెతికి, కనుబొమల పైనుంచి ముక్కు మధ్యదాకా పట్టీలా కత్తిరించండి. మిగతా మొహం పక్కన పడేయండి. ఆ పట్టీ కింద నాలుగు మాటలు రాయండి: దిగులు, విసుగు, అనుమానం, ఆలోచన. ఇంట్లోవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి, ఆ కళ్ళలో ఉన్నది వీటిలో ఏదో చెప్పమనండి.

మొన్న మా ఇంట్లో ఈ పని చేశాను. అమ్మ దిగులు అంది. మా ఆయన ఆలోచన అన్నారు. పక్కింటి ఇంటర్ అమ్మాయి, అందులో సందేహమేముంది ఆంటీ, అనుమానమే అంది. మా చెల్లెలి కొడుకు తొమ్మిదేళ్ళవాడు. పట్టీ చేతిలోకి తీసుకుని వెలుతురుకు పెట్టి చూసి, "పెద్దమ్మా, కంట్లో కిటికీ ఉంది" అన్నాడు. నిజమే. రెండు కంటిపాపల్లోనూ తెల్లటి బుల్లి చదరం, ఫొటో తీసినప్పుడు ఎదురుగా పెట్టిన లైటు నీడ. అంతసేపూ ఆ కళ్ళలోకే చూసిన మేం ముగ్గురం నలుగురం దాన్ని గమనించలేదు. వాడికి ఆటిజం ఉంది.

ఈ ఆటకు మూలం ఇంగ్లండులో ఉంది. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన సైమన్ బారన్-కోహెన్, ఆయన సహచరులు ఇలాంటి పరీక్షను 1997లో ప్రకటించారు, 2001లో సవరించారు. ఇప్పుడు లోకమంతా వాడేది ఆ సవరించినదే. మొత్తం 36 నలుపు తెలుపు ఫొటోలు, అన్నీ పత్రికల్లోంచి కత్తిరించిన కళ్ళు. ఒక్కో ఫొటో చుట్టూ నాలుగు మాటలు. చూడకుండా టిక్కులు పెట్టుకుంటూ పోయినా సగటున 9 ఒప్పవుతాయి. 2001 ఫలితాల్లో సాధారణ జనం 122 మందికి సగటున 26.2 వచ్చాయి. ఆటిజం ఉన్న 15 మంది పెద్దవాళ్ళకు 21.9 వచ్చాయి.

ఈ నాలుగు మార్కుల తేడా పుస్తకాల్లోంచి డాక్టర్ల గదుల్లోకి, అక్కడినుంచి తల్లిదండ్రుల చెవుల్లోకి చేరేసరికి, ఆటిజం ఉన్నవాళ్ళకు ఎదుటి మనిషి మనసే పట్టదన్న తీర్పుగా మారిపోయింది. ఆ తీర్పు మోసుకుని ఇంటికొచ్చి, మంచం మీద కూర్చుని ఏడ్చిన తల్లిని దగ్గరుండి చూశాను. అందుకే ఈ పరీక్షను కొంచెం నిలబెట్టి అడగాలనిపిస్తుంది.

అసలు జవాబులు ఎవరు నిర్ణయించారు? ఫొటో తీసిన ఆ క్షణాన ఆ మనిషి మనసులో ఏముందో పరీక్ష తయారుచేసినవాళ్ళకూ తెలియదు. వాళ్ళు ఒక మాట అనుకున్నారు, ఎనిమిదిమందికి చూపించారు, కనీసం ఐదుగురు ఔనంటే అదే సరైన జవాబు అయింది. అంటే ఈ కళ్ళను చూసి పదిమందీ ఏమనుకుంటారో ఊహించగలిగినవాళ్ళకు ఇక్కడ మార్కులు పడతాయి. అది అక్కరకొచ్చే విద్యే, కాదనను. కానీ దానికి 'మనసును చదవడం' అని పేరు పెట్టడం వేరే సంగతి. ఈ పరీక్షను వాడిన 1,400కు పైగా అధ్యయనాలను జల్లెడ పట్టిన సమీక్ష ఒకటి ఈమధ్య వచ్చింది. కొలుస్తానన్నదాన్నే ఈ పరీక్ష కొలుస్తోందనడానికి సగానికి పైగా అధ్యయనాలు ఏ ఆధారమూ చూపలేదని అది తేల్చింది.

ఇక మాటల సంగతి. కళ్ళు చూస్తే సరిపోదు, నాలుగు మాటల మధ్య సన్నని తేడాలు తెలియాలి. అందుకే పరీక్షతోపాటు ఒక చిన్న పదకోశం కూడా చేతికిస్తారు. మన భాషలో కళ్ళ చుట్టూ ఎన్ని మాటలు అల్లుకున్నామో చూడండి. పొగరెక్కితే కళ్ళు నెత్తికెక్కాయంటాం. అసూయపడితే కళ్ళలో నిప్పులు పోసుకున్నారంటాం. రెండేళ్ళ కిందట మా చెల్లెలి కొడుకు సెలవులకు ఊరెళ్ళినప్పుడు వాళ్ళ నాయనమ్మ, "నీకోసం కళ్ళు కాయలు కాశాయిరా" అంది. వాడు దగ్గరికెళ్ళి, ఆవిడ కళ్ళద్దాలు మెల్లగా తీసి, రెండు కళ్ళూ పరీక్షగా చూశాడు. అర్థం చెప్పాక ఇప్పుడు వాడే ఆ మాట వాడతాడు, సరిగ్గా వాడాల్సిన చోట.

భావాలకు పేరు పెట్టలేకపోవడం అనేది విడిగా ఒక స్థితి. 1970ల తొలినాళ్ళలో పీటర్ సిఫ్నియోస్ అనే మానసిక వైద్యుడు దానికి అలెక్సిథైమియా అని పేరుపెట్టాడు. గుండె దడదడలాడుతుంది, కడుపులో తిప్పుతుంది, కానీ అది భయమో కోపమో ఆకలో తనకే తేలదు. తనలోని భావమే తేలనివాళ్ళకు ఎదుటివాళ్ళ భావం తేలడం ఇంకా కష్టం. ఇది ఆటిజం లేనివాళ్ళలోనూ కొద్దిమందికి ఉంటుంది. ఆటిజం ఉన్నవాళ్ళలో దాదాపు సగంమందికి ఉంటుంది. మిగతా సగానికి ఉండదు. 2016లో బెత్ ఓక్లీ, జెఫ్రీ బర్డ్ తదితరులు ఈ రెంటినీ విడదీసి చూశారు. కళ్ళ పరీక్షలో మార్కులు తగ్గడానికి లెక్కకు వచ్చింది అలెక్సిథైమియానే, ఆటిజం కాదు. పదిహేనేళ్ళపాటు రెంటినీ ఒకే గాటన కట్టేశామన్నమాట.

36 అనే అంకె చూసినప్పుడల్లా నాకు భరతుడి నాట్యశాస్త్రం గుర్తొస్తుంది. అందులో చెప్పిన దృష్టులు కూడా సరిగ్గా 36. రసదృష్టులు 8, స్థాయిదృష్టులు 8, సంచారి దృష్టులు 20. కాకతాళీయమే అనుకోండి. కానీ కూచిపూడి నేర్పే గురువులెవరూ ఈ చూపులు పిల్లలకు పుట్టుకతో వస్తాయని వదిలేయరు. కనురెప్ప ఎంత ఎత్తాలో, కనుపాప ఎటు తిప్పాలో ఏళ్ళ తరబడి చెబుతారు. చూసే రసికుడూ నేర్చుకునే చూస్తాడు. పైగా వేదిక మీద కన్ను ఒంటరిగా మాట్లాడదు. కనుబొమ, మెడ, చెయ్యి, పాటలోని మాట, తాళం అన్నీ దానితో నడుస్తాయి. వాటన్నిటినీ కత్తిరించేసి, కదలని కళ్ళను మాత్రమే ముందుపెట్టి అర్థం చెప్పమనడం ఎవరికైనా కృత్రిమమే. ఎవరి కళ్ళన్నదీ లెక్కలోకొస్తుంది. 2010లో రెజినాల్డ్ ఆడమ్స్ బృందం అమెరికా కళ్ళు, జపాను కళ్ళు రెండు దేశాలవాళ్ళకూ చూపించింది. ఎవరి దేశపు కళ్ళను వాళ్ళు మెరుగ్గా చదివారు.

ఇంతకీ ఆటిజం ఉన్నవాళ్ళకు కళ్ళలోకి చూస్తే ఏమవుతుంది? వాళ్ళలో మాటలు చెప్పగలిగిన పెద్దవాళ్ళు చెప్పేది ఒకేలా ఉండదు. కొందరికి అందులో ఏ కబురూ కనబడదు, అది రంగు, తడి, మెరుపు ఉన్న ఒక వస్తువు, అంతే. కొందరికి అంతా ఎక్కువే కనబడుతుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం చీకటి గదిలోంచి వాకిట్లోకి వచ్చినట్టు, ఎదుటి మనిషి మొత్తం ఒక్కసారిగా మీద పడినట్టు ఉంటుంది. చాలామంది చెప్పే మాట ఇంకొకటుంది: చూడమంటే చూస్తాను, కానీ అప్పుడు నువ్వు చెప్పేది వినబడదు. కళ్ళను భరించడానికే బుర్ర సరిపోతుంది, మాటలకు చోటు మిగలదు. దాంతో ముక్కు మొదలు చూడటం, నుదురు చూడటం, మనసులో మూడు లెక్కపెట్టి చూపు తిప్పుకోవడం నేర్చుకుంటారు. సాయంత్రానికి ఒళ్ళు హూనమవుతుంది.

ఈ ఇబ్బంది ఉత్త సాకు కాదనడానికి మెదడు చిత్రాలు ఉన్నాయి. 2017లో నూషీన్ హజీఖానీ, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లోని ఆమె బృందం, ఆటిజం ఉన్నవాళ్ళను స్కానర్‌లో పడుకోబెట్టి మొహాల వీడియోలు చూపించారు. ఇష్టమొచ్చిన చోట చూడనిస్తే తేడా లేదు. కళ్ళ దగ్గరే చూపు నిలపమన్నప్పుడు మెదడు లోపలి పాత భాగాలు, బాదంగింజ ఆకారంలో ఉండే అమిగ్డాలాతో సహా, మామూలును మించి రేగాయి. అపాయాన్ని పసిగట్టి ఒంటిని అప్రమత్తం చేయడంలో ఆ భాగాలకు పెద్ద పాత్ర ఉంది. అయితే అందరిదీ ఇదే కథ అనలేం. అదే ఏడాది అట్లాంటాలో రెండేళ్ళ పిల్లలను పరీక్షిస్తే, వాళ్ళు కళ్ళకు భయపడి తప్పించుకుంటున్నట్టు కనబడలేదు, కళ్ళలో చూడదగ్గది ఏముందో వాళ్ళకు పట్టనట్టు కనబడింది. పసివాడికి పట్టనిది, పెద్దయ్యేసరికి బెదిరింపులతో, తిట్లతో కలిసి బాధగా మారుతుందేమో. ఇది నా అనుమానం మాత్రమే.

బెదిరింపు అని ఊరికే అనలేదు. మా వాడిని మొదట్లో తీసుకెళ్ళిన ఒక థెరపీ గదిలో జరిగింది ఇది. టీచరమ్మ జెమ్స్ బిళ్ళ ఒకటి తన కంటి పక్కన పట్టుకుని, "నన్ను చూడు, చూస్తేనే ఇస్తా" అంది. వాడు బిళ్ళను చూశాడు. "బిళ్ళను కాదు, నన్ను" అంది. వాడు పైన తిరిగే ఫ్యాను చూశాడు. ఇరవై నిమిషాలు ఇదే. చివరికి ఒక్క క్షణం ఆమె కళ్ళలోకి చూసి, బిళ్ళ తీసుకుని, తినకుండా జేబులో వేసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఆవిడది చెడ్డ మనసు కాదు. ఆవిడకు నేర్పిందే అది. సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థ రూపొందించగా 2009లో విడుదలైన, మన దేశంలో ఆటిజాన్ని కొలిచే 40 అంశాల కొలబద్దలో మొట్టమొదటి అంశమే చూపు కలపకపోవడం. గుర్తించడానికి అది పనికొచ్చే ఆనవాలే. ఆనవాలును పట్టుకుని దాన్నే సరిచేయాల్సిన జబ్బు అనుకోవడంతో చిక్కొస్తుంది.

మరి మనం వాళ్ళ మొహాలను చదవగలుగుతున్నామా? ఈ ప్రశ్న అడగడానికి చాలా ఏళ్ళు పట్టింది. 2012లో డామియన్ మిల్టన్ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త, తనూ ఆటిజం ఉన్నవాడే, దీన్ని సూటిగా అడిగాడు. ఇద్దరి లోకానుభవం వేరైనప్పుడు, అర్థం కాకపోవడం ఇరువైపులా ఉంటుంది, నేరం ఒక్కడి మీదే మోపుతారేం అన్నాడు. జంట సహానుభూతి సమస్య అనొచ్చు దాన్ని. 2016లో నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో ఎలిజబెత్ షెపర్డ్ బృందం ఒక ముచ్చటైన ప్రయోగం చేసింది. కొందరికి జోకు చెప్పారు, కొందరిని మెచ్చుకున్నారు, కొందరిని ఊరికే కాచుకుని కూర్చోబెట్టారు. వాళ్ళ మొహాలను రహస్యంగా వీడియో తీసి, ఎవరికి ఏం జరిగిందో చెప్పమని ఆటిజం లేనివాళ్ళను అడిగారు. ఆటిజం ఉన్నవాళ్ళ మొహాల దగ్గర వాళ్ళు ఎక్కువ తడబడ్డారు. ఆ మొహాల్లో భావం లేదా అంటే, చాలావరకు అందరి మొహాల్లో ఉన్నంత ఉందని చూసినవాళ్ళు మార్కులు వేశారు. ఉన్నది, కనబడుతోంది, చదవడం మాత్రం రాలేదు. మరుసటి ఏడు నోవా సాసన్ బృందం చూపించింది ఇంకా గుచ్చుకుంటుంది. కొద్ది సెకన్ల వీడియో చూసి జనం ఆటిజం ఉన్నవాళ్ళతో స్నేహానికి వెనకాడారు. అదే వీడియోలోని మాటలు కాగితం మీద రాసిస్తే ఆ విముఖత మాయమైంది.

2020లో ఎడిన్‌బరోలో కేథరిన్ క్రాంప్టన్ ఒక కథను చెవిలోంచి చెవికి ఎనిమిదేసిమంది గొలుసులో పంపించింది. అందరూ ఆటిజం ఉన్నవాళ్ళయిన గొలుసులో కథ బాగానే చేరింది, అందరూ లేనివాళ్ళయిన దాంట్లోనూ అంతే. కలగలిసిన గొలుసులోనే ఎక్కువ జారిపోయింది. 2025లో 300కు పైగా జనంతో తిరిగి చేస్తే మూడు గొలుసుల్లోనూ తేడా కనబడలేదు. మొదటి ఫలితం అందంగా ఉందని దాన్నే పట్టుకు వేలాడకూడదు. కానీ ఆటిజం ఉన్నవాళ్ళ మధ్య కబురు నడవదన్న మాటకు మాత్రం రెండుసార్లూ ఆధారం దొరకలేదు.

కళ్ళు చదవడం ఒక్కసారిగా వచ్చేస్తే ఎలా ఉంటుందో చెప్పగలిగిన మనిషి ఒకాయన ఉన్నాడు. జాన్ ఎల్డర్ రాబిసన్, అమెరికాలో మసాచుసెట్స్‌లో కార్ల మరమ్మతు వ్యాపారి. నలభై ఏళ్ళొచ్చాక గానీ తనకున్నది ఆటిజం కోవలోని ఆస్పెర్గర్ అని తెలియలేదు. చిన్నప్పుడు పెద్దలు పదేపదే అన్న మాటనే 2007లో తన ఆత్మకథకు పేరుగా పెట్టాడు: 'లుక్ మీ ఇన్ ది ఐ'. 2008లో బోస్టన్‌లో అల్వారో పాస్కువల్-లియోన్ బృందం, నెత్తిమీద అయస్కాంత తీగచుట్ట ఆనించి మెదడును తట్టిలేపే ప్రయోగం ఆయన మీద చేసింది. ఒకరోజు ఆ ప్రయోగం చేయించుకుని మర్నాడు పనికి వెళ్తే, తోటి ఉద్యోగి కళ్ళు ఎంత అందమైన గోధుమరంగులో ఉన్నాయో అనిపించిందట. అంతకుముందు ఎవరి కళ్ళ గురించీ ఆయనకు అలాంటి తలంపే రాలేదు. కళ్ళ తలుపు తెరుచుకుంటే అందులోంచి ప్రేమ, ఆప్యాయత వస్తాయని ఆశపడ్డాడు. వచ్చినవి చాలావరకు భయం, అసూయ, ఆందోళన. తనతో కలిసి నవ్వారనుకున్న పాత మిత్రులు తనను చూసి నవ్వారని అప్పుడు తెలిసింది. కుంగుబాటుతో బాధపడుతున్న భార్య దుఃఖాన్ని అంతకుముందు కుదురుగా పక్కన నిలబడి మోసినవాడు, ఇప్పుడు ఆ దుఃఖంలో తనూ మునిగిపోయాడు. ఆ పెళ్ళి నిలవలేదు. ఈ సంగతులన్నీ 2016లో ఆయనే రాశాడు. ప్రయోగానికి వెళ్ళినందుకు చింతించలేదు, కానీ అంతకుముందు తనకున్న ఆ కుదురు కూడా ఒక బలమేనని అప్పుడే తెలిసిందన్నాడు.

మా వాడు ఆ థెరపీ గదికి ఇప్పుడు వెళ్ళడం లేదు. కొత్త టీచరు వాడి పక్కనే కూర్చుంటుంది, ఇద్దరూ ఒకే పుస్తకంలోకి చూస్తారు. శనివారాలు వాడిని స్కూలు నుంచి నేనే స్కూటీ మీద తీసుకొస్తాను. వాడు వారమంతా దాచుకున్న మాటలు ఆ ఇరవై నిమిషాల్లోనే చెబుతాడు, నా వీపుకు చెవి ఆనించి. నేను రోడ్డు చూస్తుంటాను, వాడు పక్కన వెళ్ళే లారీల వెనక రాతలు చూస్తుంటాడు. పోయిన శనివారం అమ్మకు ఒంట్లో బాగాలేక, రిపోర్టుల కోసం ఆస్పత్రికెళ్ళి అటునుంచి అటే వాడి స్కూలుకు వెళ్ళాను. ఏం జరిగిందో వాడికి చెప్పలేదు, మామూలుగానే మాట్లాడుతున్నాననుకున్నాను. రైల్వే గేటు పడి బండి ఆపినప్పుడు వెనకనుంచి వాడి గొంతు వినబడింది.

"పెద్దమ్మా, ఇవాళ నీ బ్రేకులు గట్టిగా పడుతున్నాయి. అమ్మమ్మకు బాగాలేదా?"