నిర్దోషి, అమాయకుడు: అమెరికన్ నవలలో, అండమాన్ చరిత్రలో

1858 మార్చిలో రెండు వందల మంది ఖైదీలతో ఒక ఓడ అండమాన్ తీరాన్ని చేరినది. అంతకు ముందటి సంవత్సరం సాగిన తిరుగుబాటు తరువాత శిక్ష పడినవారు వారు. అది మొదలు దాదాపు ఎనభై యేండ్ల పాటు ఆ దీవులకు మనుషులను చేరవేసినవి న్యాయస్థానాల తీర్పులే. మన్యంలో అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం మల్లుదొర కూడ అట్టి తీర్పు తలపై మోసికొనే అక్కడికి పోయినాడు. 1952లో అదే మల్లుదొరను విశాఖపట్నం ప్రజలు లోక్‌సభకు పంపినారు. మనిషి ఒక్కడే, చేసిన పనీ ఒక్కటే. ఒక తీర్పులో అది నేరం, వేరొక తీర్పులో అర్హత.

చట్టం దోషి అన్నవాడు దోషియేనా, దోషి కానివాడు మంచివాడేనా అనే ఈ ప్రశ్నను అమెరికన్ నవల పందొమ్మిదవ శతాబ్దం నుంచి విడువకుండ పట్టుకొని ఉన్నది. తెలుగు అనువాదకుడు ఆ నవలలను చేతికి తీసికొన్నప్పుడు మొదట తగిలే చిక్కు కథలో లేదు, ఒక మాటలో ఉన్నది. ఇంగ్లీషు వారి ‘ఇన్నొసెన్స్’కు తెలుగులో ఒక మాట చాలదు. నిర్దోషిత్వం ఒకటి, అమాయకత్వం మరొకటి. మొదటిది న్యాయస్థానపు మాట. ఫలానా తప్పు ఇతడు చేయలేదని దాని అర్థం. రెండవది ఇంటి మాట. ఇతనికి మాయ తెలియదని అర్థం. రెండవ దానిలో ఆప్యాయత ఉన్నది, కొంచెం జాలి ఉన్నది, ఒక్కొక్కప్పుడు చిన్నచూపు కూడ ఉన్నది. పత్రికల వారు ‘అమాయకుల అరెస్టు’ అని వ్రాసి ఈ రెంటినీ కలిపివేసినారు. పత్రికకు చెల్లినది నవలకు చెల్లదు.

హెర్మన్ మెల్విల్ వ్రాసిన ‘బిల్లీ బడ్’ చూడవచ్చు. 1891లో మెల్విల్ చనిపోయేనాటికి ఇది వ్రాతప్రతిగానే ఉండిపోయినది. అచ్చయినది 1924లో, మన్యంలో సీతారామరాజును కాల్చి చంపిన సంవత్సరమూ అదే. కథాకాలం 1797. బ్రిటిషు నౌకాదళంలో తిరుగుబాట్లు చెలరేగి అధికారులు నీడను చూచి కూడ ఉలికిపడుతున్న రోజులు. బిల్లీ అందగాడు, చదువు రానివాడు, ఎవరి మీదా అనుమానం లేనివాడు. క్లాగర్ట్ అనే అధికారి అతనిపై కుట్ర నేరం మోపుతాడు. కెప్టెన్ వియర్ ఇద్దరినీ ఎదురెదురుగా నిలిపి, సమాధానం చెప్పుమంటాడు. బిల్లీకి కలవరపడితే నత్తి వస్తుంది. నోరు పెగలక చేయి లేస్తుంది. ఒక్క దెబ్బకు క్లాగర్ట్ చనిపోతాడు. మోపిన నేరం అబద్ధమని వియర్‌కు తెలుసు. అయినా అధికారిని కొట్టి చంపిన నావికుణ్ణి యుద్ధకాలపు చట్టం క్షమించదు. తెల్లవారుజామున బిల్లీని ఉరి తీస్తారు. ఆ ఉరికి ఒడిగట్టిన కెప్టెన్‌ను దీవించి అతడు కన్ను మూస్తాడు.

బిల్లీ కుట్ర విషయంలో నిర్దోషి, హత్య విషయంలో కాదు. కాని మొదటి నుంచి చివరి దాకా అమాయకుడే. అనువాదకుడు అన్ని చోట్లా ‘నిర్దోషి’ అని వ్రాస్తే వియర్ వట్టి క్రూరుడైపోతాడు. అన్ని చోట్లా ‘అమాయకుడు’ అని వ్రాస్తే విచారణ ఘట్టం బలం పోతుంది. మెల్విల్ పెట్టిన బరువంతా ఆ రెండు మాటల నడుమనే ఉన్నది.

దీనికి సరిగా ఎదురు వైపున నిలుస్తాడు ఫాక్నర్ సృష్టించిన లూకస్. 1948లో వెలువడిన ‘ఇంట్రూడర్ ఇన్ ది డస్ట్’లో ఈ వృద్ధ నీగ్రో రైతు ఒక తెల్లవాణ్ణి చంపినాడనే ఆరోపణపై చెరసాలలో ఉంటాడు. బయట గుంపు చేరే ప్రమాదం ఉన్నది. లూకస్ హత్య చేయలేదు. కాని ఆ విషయం ప్రాధేయపడి చెప్పుకొనే స్వభావం కాదతనిది. తల వంచడు, ఎవరికీ అణిగి ఉండడు. ఊరికి అతని మీద ఉన్న అసలు కోపం అదే. ఒక కుర్రవాడు, అతని ఈడు నీగ్రో మిత్రుడు, ఒక ముసలి దొరసాని కలిసి రాత్రివేళ సమాధి త్రవ్వి నిజం బయటికి తీస్తారు. అంతా ముగిసిన తరువాత లూకస్ వకీలు వద్దకు వచ్చి ఫీజు చెల్లించి, రసీదు అడుగుతాడు. అమాయకత్వం రవ్వంత లేని నిర్దోషి అతడు. న్యాయం పొందడానికి దీనంగా కనిపించవలసిన పని లేదని ఆ రసీదు చెప్పినంతగా ఉపన్యాసాలు చెప్పలేవు.

తెలుగు పాఠకులు ఎక్కువగా ఎరిగిన హార్పర్ లీ నవల ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ (1960) ఇంత కఠినమైనది కాదు. అందులో టామ్ రాబిన్సన్ నిర్దోషి, అమాయకుడు కూడ. ఎడమచేయి పనికిరానివాడు, దయగలవాడు. పాఠకుని కన్నీరు సులువుగా వస్తుంది. అది లోపమనడం న్యాయం కాదు; కాని రిచర్డ్ రైట్ ఆ కన్నీటిని శంకించినాడు. తన తొలి కథలు చదివి జనం ఏడ్చి ఊరుకున్నారని తెలిసిన తరువాతనే 1940లో ‘నేటివ్ సన్’ వ్రాసినాడు. అందులో బిగర్ థామస్ హంతకుడు. జాలికి తావివ్వడు. అన్యాయానికి గురైనవాడు సాధువైతేనే సానుభూతి చూపుతామనడం కూడ అన్యాయమే కదా అని ఆ పుస్తకం నిలదీస్తుంది.

అంతకు ముందే తెలుగులో ఉన్నవ లక్ష్మీనారాయణ ఈ ఇరుకును గుర్తించినాడు. జైలులో ఆయన వ్రాసిన ‘మాలపల్లి’ 1922లో వెలువడి నిషేధానికి గురి అయినది. అందులో రామదాసు సాధువు. చిన్నకొడుకు సంగదాసు భూస్వామి దెబ్బకు ప్రాణం విడుస్తాడు. పెద్దకొడుకు వెంకటదాసు తిరగబడి చట్టం దృష్టిలో దొంగ అవుతాడు. ముగ్గురినీ ఒకే ఇంట పుట్టించడంలోనే రచయిత అభిప్రాయం ఉన్నది.

ఇక ‘మోరల్ క్యారెక్టర్’ అనేదానికి ‘శీలం’ అనే మంచి మాట ఉండినది. వాడుకలో అది స్త్రీల విషయానికి కుదించుకొనిపోయినది. మార్క్ ట్వేన్ సృష్టించిన హక్ ఫిన్‌ను చదివితే దాని పూర్వార్థం మళ్ళీ గుర్తుకు వస్తుంది. పారిపోయిన బానిస జిమ్ ఎక్కడున్నాడో తెలుపుతూ హక్ యజమానురాలికి ఉత్తరం వ్రాస్తాడు. వ్రాసినంతనే మనస్సు తేలికపడుతుంది. ఎందుకంటే చట్టమూ, మతమూ, ఊరి పెద్దలూ అదే ధర్మమని నేర్పినారు. తరువాత పడవ మీద జిమ్ తన పట్ల చూపిన ప్రేమ గుర్తుకు వచ్చి ఉత్తరం చించివేస్తాడు. తాను మంచి పని చేస్తున్నానని అనుకోడు. నరకానికి పోవడానికి సిద్ధపడుతున్నాననే అనుకొంటాడు. అమాయకుడు అట్లా ఎన్నుకోలేడు. అతని శీలం ఆ ఎన్నికలో ఉన్నది.

హక్ చించివేసిన ఉత్తరం వంటిదానిని అండమాన్‌లో ఒక మనిషి అందజేసినాడు. అతడు దూధ్‌నాథ్ తివారీ, తిరుగుబాటు సిపాయి. 1858లో కొందరితో కలిసి చెర నుంచి పారిపోయి అడవిలో పడినాడు. ద్వీపవాసుల బాణాలకు తోటివారు చనిపోయినారు. గాయపడిన ఇతణ్ణి వారు బ్రతకనిచ్చినారు. ఏడాదికి పైగా వారితో తిరిగి, వారి భాష నేర్చి, వారి పిల్లను పెండ్లాడినాడు. 1859 మేలో వారు అబర్డీన్ వద్ద వలసపై దాడికి కదిలినప్పుడు, ముందుగా జారుకొని వచ్చి అధికారులకు చెప్పివేసినాడు. తుపాకులు సిద్ధంగా ఉన్నవి. విల్లమ్ములు ఓడినవి. తివారీకి క్షమాభిక్ష లభించినది.

అతణ్ణి ద్రోహి అని త్రోసివేయడం తేలిక. కాని దాడి జరిగే వలసలో ఉన్నది దొరలు మాత్రమే కాదు, అతని వంటి ఖైదీలు వందల మంది. ఎవరి ప్రాణాలు తన మీద భారమని అతడు భావించినాడో చరిత్ర పత్రాలు చెప్పవు. చెప్పినదల్లా శిక్ష రద్దయినదనే. చట్టం అతణ్ణి నిర్దోషిని చేసినది.

ద్వీపవాసులకు మాత్రం ఈ మాటలలో ఏదీ ఎన్నడూ సరిగా దక్కలేదు. ఒకనాడు నరభక్షకులన్నారు, మరొకనాడు ప్రకృతి బిడ్డలన్నారు. మెల్విల్ తొలి నవల ‘టైపీ’ (1846) మార్క్వెసస్ దీవులలో తాను గడిపిన రోజుల నుంచి పుట్టినది. నరభక్షకులని పేరుపడినవారి నడుమ ఆదరణ పొంది, చివరకు భయంతో పారిపోయిన నావికుని కథ అది. మతప్రచారకులపై విమర్శలను అమెరికా ముద్రణలో తీసివేయించినారు. 2018 నవంబరులో నిషేధాన్ని దాటి ఉత్తర సెంటినల్ దీవికి పోయిన ఒక అమెరికన్ యువ మతప్రచారకుడు అక్కడివారి చేతిలో చనిపోయినప్పుడు, ఆ పాత మాటలే రెండు వైపుల నుంచీ మళ్ళీ వినవచ్చినవి. అతణ్ణి ఓడలో దింపిన జాలరులను అరెస్టు చేసినారు. ఆ దీవివారు విల్లు చేతపట్టి చెప్పినది ‘రావద్దు’ అనే ఒక నిర్ణయం. దానిని అమాయకత్వమనీ క్రూరత్వమనీ అనువదించడంలో వారి నిర్ణయమే ఎగిరిపోయినది.

తివారీ వెనుకకు తిరిగి వచ్చిననాటికి అడవిలో అతని భార్య లీపా గర్భవతి. ఆమె జాతివారిలో 1877 నాటి తట్టు వ్యాధి ఎంతోమందిని తీసికొనిపోయినది. 1961 జనాభా లెక్కల నాటికి గ్రేట్ అండమానీలు 19 మంది మాత్రమే మిగిలినారు. లీపా సంగతి క్షమాభిక్ష పత్రంలో రావలసినది కాదు. ఆమె వైపు నుంచి ఆ రాత్రిని చెప్పే నవల వ్రాయబూనినవాడు తివారీకి ఏ మాట వాడవలసి ఉంటుందో, మొదటి పుటలోనే తేల్చుకొనవలసి వస్తుంది.