ప్రపంచ ఉపాధ్యాయుల సమాఖ్య

మన దేశంలో సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకుంటాం. నేటి తమిళనాడులోని తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో జన్మించిన డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజు అది. సరిగ్గా నెల తరువాత, అక్టోబరు 5న, ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవం వస్తుంది. ఇది ఏ మహనీయుని పుట్టినరోజూ కాదు. 1966లో ఆ రోజున పారిస్ నగరంలో ఉపాధ్యాయుల హోదాను గురించిన ఒక అంతర్జాతీయ పత్రం ఆమోదం పొందింది. ఆ పత్రం వెనుక అనేక దేశాల ఉపాధ్యాయ సంఘాల కృషి ఉన్నది. ఆ సంఘాలలో చాలా భాగం తరువాత 'ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్' అనే ప్రపంచ సమాఖ్యగా ఏకమయ్యాయి.

ఉపాధ్యాయులు దేశాల సరిహద్దులు దాటి చేతులు కలపడం ఇరవయ్యవ శతాబ్దం మొదట్లోనే ఆరంభమైంది. 1912లో ఐరోపాలోని ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయులు ఒక అంతర్జాతీయ సంఘం పెట్టుకున్నారు. ఇంతలో 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. తాము చదువు చెప్పిన పిల్లలే సైనికులై ఒకరినొకరు చంపుకోవడం ఉపాధ్యాయులు కళ్లారా చూశారు. పాఠ్యపుస్తకం పొరుగు దేశంపై ద్వేషం నూరిపోస్తే దాని ఫలితం యుద్ధభూమిలో కనిపిస్తుందని గ్రహించారు. అందుకే నిన్నటి వరకు శత్రువులైన ఫ్రాన్సు, జర్మనీ దేశాల ఉపాధ్యాయులు ముందుకు వచ్చి, ఇతర దేశాలవారితో కలిసి 1926లో ప్రాథమిక ఉపాధ్యాయుల అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించారు.

ఆ స్నేహం ఎంతోకాలం సాగలేదు. 1933లో జర్మనీలో హిట్లరు అధికారంలోకి రాగానే అక్కడి స్వతంత్ర ఉపాధ్యాయ సంఘాలు అంతరించాయి. సమాఖ్యకు కార్యదర్శిగా పనిచేసిన ఫ్రెంచి ఉపాధ్యాయుడు జార్జి లాపియర్‌ను రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నిర్బంధించారు. ఆయన 1945లో జర్మనీలోని డాహౌ నిర్బంధ శిబిరంలో మరణించాడు.

యుద్ధం ముగిశాక సంఘాలు మళ్లీ తలయెత్తాయి. అయితే అప్పటికి ప్రపంచం రెండు శిబిరాలుగా చీలిపోతున్నది. ఉపాధ్యాయులలోనూ చీలికలు వచ్చాయి. 1946లో పారిస్‌లో ఏర్పడిన ఒక సమాఖ్య సోషలిస్టు దేశాల వైపు మొగ్గింది. దానితో ఏకీభవించని కార్మిక సంఘాలు 1951లో స్వేచ్ఛా ఉపాధ్యాయ సంఘాల అంతర్జాతీయ సమాఖ్యను పెట్టుకున్నాయి. 1952లో కోపెన్‌హాగన్ నగరంలో ప్రపంచ ఉపాధ్యాయ వృత్తి సంస్థల సమాఖ్య ఆవిర్భవించింది.

చివరి రెండు సమాఖ్యల మధ్య భేదం తెలుసుకోదగినది. ఉపాధ్యాయుడు వైద్యుని వలె, న్యాయవాది వలె ఒక వృత్తి నిపుణుడు. కనుక బోధన స్థాయిని పెంచడమే ముఖ్యమని వృత్తి సంస్థలవారు తలచారు. ఉపాధ్యాయుడు కూడా జీతంపై బ్రతికే శ్రామికుడే. కనుక తగిన వేతనం కోసం బేరమాడే హక్కు, అవసరమైతే సమ్మె చేసే హక్కు ఉండాలని కార్మిక సంఘాలవారు వాదించారు. గౌరవం ముందా, హక్కు ముందా అన్న ఈ చర్చ నాలుగు దశాబ్దాలు సాగింది.

ఈ చర్చకు 1966 నాటి పత్రంలోనే సమాధానం ఉన్నది. యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి రూపొందించిన ఆ సిఫారసులో 146 పేరాలు ఉన్నాయి. బోధనను ఒక వృత్తిగా గుర్తించాలని అది చెబుతుంది. ఉపాధ్యాయునికి మంచి శిక్షణ, ఉద్యోగ భద్రత, తగిన జీతం ఉండాలని కూడా చెబుతుంది. ప్రతి విద్యార్థినీ విడిగా పట్టించుకోవడానికి వీలైనంత మందే తరగతిలో ఉండాలంటుంది. విద్యా విధానాల రూపకల్పనలో ఉపాధ్యాయ సంఘాలకు పాత్ర ఉండాలంటుంది. ఇది చట్టం కాదు, ప్రభుత్వాలను నిర్బంధించలేదు. అయినా దీని అమలును పరిశీలించడానికి నిపుణుల సంఘం ఒకటి పనిచేస్తున్నది.

రెండు శిబిరాల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిన తరువాత ఐక్యతకు మార్గం సుగమమైంది. 1951, 1952లలో పుట్టిన రెండు సమాఖ్యలూ 1993 జనవరిలో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో కలిసిపోయాయి. అలా ఎడ్యుకేషన్ ఇంటర్నేషనల్ ఏర్పడింది. అమెరికాకు చెందిన మేరీ హాట్‌వుడ్ ఫ్యుట్రెల్ తొలి అధ్యక్షురాలు కాగా, నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్రెడ్ వాన్ లీవెన్ తొలి ప్రధాన కార్యదర్శి అయ్యాడు. ప్రధాన కార్యాలయం బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో ఉన్నది. మరుసటి సంవత్సరమే, అంటే 1994లో, అక్టోబరు 5ను ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవంగా పాటించడం మొదలైంది. 1946 నాటి సమాఖ్య మాత్రం వేరుగానే కొనసాగింది.

ఈ ఐక్యత వలన కలిగిన మేలుకు ఇథియోపియా ఒక ఉదాహరణ. ఆ దేశ ఉపాధ్యాయ సంఘం అధ్యక్షుడు టాయె వొల్డెస్మియాట్‌ను 1996లో ప్రభుత్వం జైలులో పెట్టింది. ఆయన విడుదల కోసం సమాఖ్య ఎలుగెత్తింది. వివిధ దేశాల ఉపాధ్యాయులు ఆయన పక్షాన నిలిచారు. 2002లో ఆయన బయటికి వచ్చాడు.

నేడు ఈ సమాఖ్యలో 170కి పైగా దేశాల సంఘాలు, మూడు కోట్లకు పైగా సభ్యులు ఉన్నారు. మన అఖిల భారత ప్రాథమిక ఉపాధ్యాయ సమాఖ్య కూడా ఇందులో సభ్యురాలు. బాలకార్మిక వ్యవస్థ పోవాలని, ప్రభుత్వ బడులు బలపడాలని, ఆడపిల్లలందరూ చదువుకోవాలని ఈ సంఘాలు కోరుతున్నాయి.

ఉపాధ్యాయుని మెడలో పూలమాల వేయడం మంచి సంప్రదాయం. అయితే కిక్కిరిసిన తరగతిలో, చాలీచాలని జీతంతో, భయపడుతూ పాఠం చెప్పే ఉపాధ్యాయుడు పిల్లలకు పూర్తి న్యాయం చేయలేడు. ఉపాధ్యాయుని హక్కుకూ, విద్యార్థి చదువుకూ విడదీయరాని సంబంధం ఉన్నది. నాలుగు దశాబ్దాల చర్చ తరువాత రెండు సమాఖ్యలను ఒక్కటి చేసిన సత్యం ఇదే.